మీటింగ్ ఆగిపోయాక క్లబ్‌లో ఏం మిగులుతుంది?

2020 మార్చి 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవిడ్‌ను మహమ్మారిగా ప్రకటించింది. ఆ తర్వాత కొద్ది వారాల్లోనే దేశదేశాల్లో సేవా క్లబ్‌ల సమావేశాలు ఒకదాని వెంట ఒకటి రద్దవుతూ వచ్చాయి. ఆ జూన్‌లో హొనొలూలూలో జరగాల్సిన రోటరీ అంతర్జాతీయ మహాసభ, సింగపూర్‌లో జరగాల్సిన లయన్స్ మహాసభ కూడా జరగలేదు. రోటరీ మాత్రం తన సభను ఆన్‌లైన్‌కు మార్చుకుంది.

సేవా క్లబ్ అంటే కొందరు ఒకచోట చేరి, ఇంకొందరి దగ్గరికి వెళ్ళి చేసే పని. చేరవద్దు, వెళ్ళవద్దు అనేసరికి అసలు పనికే ఎసరొచ్చింది. వరదో తుఫానో వస్తే ఏం చేయాలో క్లబ్‌ల వాళ్ళకు బాగా తెలుసు. నష్టపోయినవాళ్ళు ఒక ప్రాంతంలో ఉంటారు, సాయం బయటి నుంచి వెళ్తుంది. మహమ్మారిలో ఆ 'బయట' అనేదే లేదు. సాయం చేయబోయే మనిషి రేపు తానే సాయం కోసం చూడాల్సి రావచ్చు. అంతకన్నా ఘోరం, సంచీతో పాటు జబ్బునూ ఇంటింటికీ మోసుకెళ్ళొచ్చు. పైగా చాలా క్లబ్‌లలో చురుగ్గా తిరిగే సభ్యులు అరవై దాటినవాళ్ళు. కోవిడ్ ఎక్కువగా దెబ్బతీసిందీ ఆ వయసువాళ్ళనే.

దాంతో క్లబ్‌లలో రెండు రకాల మాటలు వినిపించాయి. "ఇలాంటప్పుడు చేతులు ముడుచుకు కూర్చుంటే ఇన్నేళ్ళు సేవ సేవ అన్నది ఎందుకు?" అని కొందరు. "ముందు మనం బతికి ఉండాలి కదా" అని కొందరు. ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. సభ్యులు ఒకరితో ఒకరు టచ్‌లో ఉండటం, బయటివాళ్ళకు సాయపడటం అనేవి రెండు వేర్వేరు పనులు కావు. మొదటిది గట్టిగా ఉంటేనే రెండోది సరైన గుమ్మం ముందు ఆగుతుంది. సంకటంలో మనం చేసే పొరపాటల్లా మొదటిదాన్ని కాలక్షేపం కింద కొట్టిపారేసి రెండోదాని వెంట పరిగెత్తడం.

స్నేహం ముందు, సేవ తర్వాత

ఈ క్లబ్‌లు పుట్టిన తీరు చూస్తే ఇది ఇంకా బాగా అర్థమవుతుంది. 1905 ఫిబ్రవరి 23న షికాగోలో పాల్ హ్యారిస్ అనే లాయర్ మరో ముగ్గురితో కలిసి ఒక ఆఫీసు గదిలో కూర్చున్నాడు. రోటరీకి అదే మొదటి సమావేశం. లోకసేవ ఆ రోజు ఎవరి మనసులోనూ లేదు. పెద్ద నగరంలో ఒంటరిగా ఉన్న మనిషికి నలుగురు తెలిసినవాళ్ళు కావాలి, ఒకరి వ్యాపారానికి ఒకరు అక్కరకు రావాలి, అంతే. ఒక్కో సభ్యుడి ఆఫీసులో వంతులవారీగా కలిసేవాళ్ళు. సేవ మాట 1907లో వచ్చింది, షికాగోలో పబ్లిక్ టాయిలెట్లు కట్టించాలన్న ప్రయత్నంతో. 1915లో డెట్రాయిట్‌లో మొదలైన కివానిస్ అనే సేవా క్లబ్‌దీ ఇదే వరస. మొదట వ్యాపార పరిచయాలు, ఆ తర్వాత సేవ. 1917లో మెల్విన్ జోన్స్ అనే ఇన్సూరెన్స్ వ్యాపారి లయన్స్‌ను మొదలుపెట్టేటప్పుడు కూడా చేతిలో ఉన్నవి అప్పటికే నడుస్తున్న వ్యాపార క్లబ్‌లే. వాటిని సేవ వైపు తిప్పడమే ఆయన చేసిన పని.

అంటే కింద పరిచయం, పైన సేవ. మహమ్మారి వచ్చి కింది అంతస్తును లాగేసింది. పై అంతస్తును కాపాడుకోవాలంటే ముందు దృష్టి పెట్టాల్సింది కిందే కదా.

నియమాల వల్ల పెద్దగా ఇబ్బంది రాలేదు. రోటరీలో హాజరు పట్టింపు ఎంతంటే, మీ క్లబ్ సమావేశానికి వెళ్ళలేకపోతే ఇంకో క్లబ్ సమావేశానికి వెళ్ళి ఆ లోటు భర్తీ చేసుకునే పద్ధతి ఉండేది. ఆ బిగింపును 2016లోనే సడలించారు. నెలకు కనీసం రెండుసార్లు కలవాలి, అది ముఖాముఖీ కావచ్చు, ఆన్‌లైన్‌లో కావచ్చు. పూర్తిగా ఇంటర్నెట్ మీదే నడిచే ఈ-క్లబ్‌లు అంతకుముందు నుంచే ఉన్నాయి. కాగితం మీద అంతా సిద్ధంగానే ఉంది, లేనిదల్లా అలవాటు.

ఖాళీ కుర్చీ కనిపించని చోటు

జూమ్ సంస్థ లెక్క ప్రకారం 2019 డిసెంబర్‌లో దాని మీటింగుల్లో రోజుకు పాల్గొన్నవాళ్ళు గరిష్ఠంగా కోటి మంది. 2020 ఏప్రిల్‌కు ఆ సంఖ్య 30 కోట్లు. ఒకే మనిషి రోజుకు మూడు మీటింగుల్లో కూర్చుంటే మూడుసార్లు లెక్కకు వచ్చే సంఖ్య ఇది, కానీ ఉప్పెన ఎంత పెద్దదో తెలుస్తుంది. ఆ ఉప్పెనలో సేవా క్లబ్‌లూ కొట్టుకొచ్చాయి. ఉచిత ఖాతాలో గ్రూప్ మీటింగ్‌కు 40 నిమిషాలే గడువు. చాలామంది దాన్ని లోటుగా చూశారు గానీ, గంటల తరబడి స్వాగతాలు, వందన సమర్పణలు నడిచే క్లబ్‌లకు అది వరమేనని నా నమ్మకం.

అసలు తేడా వేరే చోట ఉంది. హాల్లో ముప్ఫై మంది చేరితే ఒకేసారి ఎనిమిదో పదో సంభాషణలు నడుస్తాయి. వేదిక మీద ఎజెండా ఒకటి, కుర్చీల మధ్య నడిచేది ఇంకొకటి. ఫలానా ఆయన దుకాణం అమ్మేస్తున్నాడని, ఫలానా ఆవిడకు ఆపరేషన్ అని, ఆ ఇంట్లో పిల్లాడికి ఫీజు కట్టలేదని తెలిసేది ఆ పక్క మాటల్లోనే. మీటింగ్ అయ్యాక గుమ్మం దగ్గర చెప్పుకునే నాలుగు ముక్కల్లోనే సగం పనులు తేలిపోతాయి. వీడియో మీటింగ్‌లో ఒకసారికి ఒకే గొంతు. ఇద్దరు మాట్లాడితే ఎవరి మాటా వినపడదు. వేదిక మాత్రమే ఆన్‌లైన్‌లోకి వచ్చింది, కుర్చీల మధ్య మాట రాలేదు.

దీనికి తోడు అలసట. స్టాన్‌ఫర్డ్ ప్రొఫెసర్ జెరెమీ బెయిలెన్సన్ 2021లో దీనికి నాలుగు కారణాలు చెప్పాడు. అందరి ముఖాలూ మరీ దగ్గరగా, అదే పనిగా మనల్నే చూస్తున్నట్టు ఉండటం. మన ముఖం మనకే కనిపిస్తూ ఉండటం. కదలకుండా ఒకేచోట కూర్చోవాల్సి రావడం. సైగలూ హావభావాలూ సరిగ్గా అందక మెదడు ఎక్కువ కష్టపడటం. నెలకు నాలుగు మీటింగులు ఆన్‌లైన్‌లో పెట్టేసి 'మన క్లబ్ యాక్టివ్‌గా ఉంది' అనుకోవడం ఎందుకు సరిపోదో ఇక్కడే తెలుస్తుంది. నలుగురు నలుగురుగా ఆన్‌లైన్‌లోనే విడివిడి చిన్న గదుల్లోకి (బ్రేకౌట్ రూమ్‌లు) పంపి పది నిమిషాలు వదిలేయడం కొంత నయం. గెస్ట్ స్పీకర్ ఉపన్యాసాలు తగ్గించుకోవడం ఇంకా నయం.

నాకు అన్నింటికన్నా ముఖ్యంగా తోచేది ఇంకొకటి. హాల్లో ఒకరు రాకపోతే కుర్చీ ఖాళీగా కనిపిస్తుంది. "ఏమైందీయనకు?" అని ఎవరో ఒకరు అడుగుతారు. స్క్రీన్ మీద ఖాళీ అనేది ఉండదు. ముప్ఫై మందిలో పద్దెనిమిది మందే వస్తే ఆ పద్దెనిమిది గళ్ళే నిండుగా సర్దుకుంటాయి. రాని పన్నెండు మంది చప్పుడు లేకుండా మాయమైపోతారు. ఆ పన్నెండు మందిలోనే ఇంటర్నెట్ చేతకాని పెద్దవాళ్ళు, భార్యో భర్తో మంచాన పడ్డవాళ్ళు, వ్యాపారం మూతపడి ముఖం చూపించడానికి మనసొప్పనివాళ్ళు ఉంటారు. క్లబ్‌కు దగ్గరగా ఎవరు ఉండాలో వాళ్ళే దూరమైపోతారు.

పాత ఫోనే దిక్కు

అందుకే సాదా ఫోన్ కాల్ మళ్ళీ అక్కరకొచ్చింది. 1918 ఫ్లూ కాలంలో ఈ సౌకర్యమూ సరిగ్గా లేదు. కాల్ కలపాలంటే ఎక్స్ఛేంజ్‌లో ఆపరేటర్ ఉండాలి. ఆ ఆపరేటర్లే జబ్బున పడేసరికి ఫిలడెల్ఫియాలో టెలిఫోన్ కంపెనీ 'అత్యవసరమైతేనే ఫోన్ చేయండి' అని జనాన్ని వేడుకోవాల్సి వచ్చింది. 2020లో ఆ బెంగ లేదు.

పద్ధతి చాలా చిన్నది. నలభై మంది సభ్యులుంటే ఎనిమిది మంది తలా ఐదు పేర్లు తీసుకుంటారు. వారానికోసారి ఫోన్ చేస్తారు. కొత్తగా ఏదైనా తెలిస్తే ఒకచోట రాస్తారు. ఫోన్ చేసేవాళ్ళ పేర్లు కూడా ఇంకొకరి జాబితాలో ఉంటాయి, వాళ్ళూ మనుషులే కాబట్టి. చిన్నదే గానీ అడగడం తెలియకపోతే ఎందుకూ కొరగాదు.

"ఎలా ఉన్నారండీ?"

"బాగానే ఉన్నామండీ. మీరంతా కులాసాయేనా?"

ఈ కాల్ ఇక్కడితో అయిపోయింది. పట్టికలో టిక్ పడింది. ఏమీ తెలియలేదు. ఇదే మనిషిని ఇంకోలా అడిగి చూడండి.

"బీపీ మాత్రలు ఎన్నాళ్ళకు సరిపోతాయండీ?"

"ఓ నాలుగు రోజులకు ఉంటాయి. అబ్బాయి పంపిస్తానన్నాడు."

"రాకపోకలు బంద్ కదండీ, ఎలా పంపిస్తారు?"

"అదే చూస్తున్నానండీ..."

'అదే చూస్తున్నాను' అన్న మాట వినపడిందంటే అక్కడ పని ఉన్నట్టే. ఎలా ఉన్నారని అడిగితే మర్యాద కొద్దీ జవాబొస్తుంది. మాత్రలు ఎన్ని ఉన్నాయి, ఈ వారం ఎవరితో మాట్లాడారు, రాత్రి ఏమైనా అయితే ముందు ఎవరికి ఫోన్ చేస్తారు అని అడిగితే లెక్క వస్తుంది. ఇలాంటి మూడు ప్రశ్నలు రాసి ఇస్తే మొహమాటపడే సభ్యుడు కూడా చక్కగా ఫోన్ చేయగలడు. బయట తిరగకూడని వయసు సభ్యులకు ఇంతకన్నా తగిన పని లేదు. "మీరు ఇంట్లోనే ఉండండి" అని చెప్పి ఊరుకుంటే వాళ్ళు నొచ్చుకుంటారు. ఒక జాబితా చేతికిస్తే అదే వాళ్ళ డ్యూటీ అవుతుంది.

సమాజ శాస్త్రవేత్త మార్క్ గ్రానొవెటర్ 1973లో ఒక సంగతి గమనించాడు. ఉద్యోగం లాంటి కొత్త సమాచారం మనకు తరచుగా ప్రాణ స్నేహితుల ద్వారా కాక, ముఖ పరిచయం ఉన్నవాళ్ళ ద్వారా వస్తుంది. దగ్గరివాళ్ళకు తెలిసింది మనకూ తెలిసే ఉంటుంది, కాస్త దూరపు వాళ్ళే వేరే లోకం కబురు తెస్తారు. సేవా క్లబ్ అంటేనే అలాంటి పరిచయాల మూట. మందుల షాపు ఆయన, బడి హెడ్మాస్టర్, నాలుగు వ్యాన్లు తిప్పే ఆయన, ప్రింటింగ్ ప్రెస్ ఆవిడ, రిటైరైన నర్సు, అందరూ ఒకే జాబితాలో ఉంటారు. మాత్రలు అయిపోతున్నాయన్న కబురు ఆ జాబితాలో పడితే మందుల షాపు ఆయనకు, ఆయన నుంచి వ్యాన్ ఆయనకు చేరడానికి అరపూట చాలు. ఇందులో విరాళం లేదు, ప్రాజెక్టు లేదు, బ్యానర్ అంతకన్నా లేదు.

ఆరంభశూరత్వం అనే జబ్బు

సాయం చేస్తామని వచ్చేవాళ్ళకు ఆపద సమయంలో కొదవ ఉండదు. బ్రిటన్‌లో 2020 మార్చిలో జాతీయ ఆరోగ్య సేవ కోసం రెండున్నర లక్షల మంది వాలంటీర్లు కావాలని పిలుపునిస్తే, కొద్ది రోజుల్లోనే ఏడున్నర లక్షల మంది పేర్లిచ్చారు. అంతమందికి పని అప్పజెప్పడం సాధ్యం కాలేదు. మొదటి వారాల్లో చాలామంది యాప్ ఆన్ చేసుకుని రాని పిలుపు కోసం చూస్తూ కూర్చున్నారు. మనుషులున్నారు, అవసరమూ ఉంది, రెంటినీ కలిపే దారే ఇరుకైపోయింది. ఆ దారి వేయడం పెద్ద యంత్రాంగాల కన్నా వీధి వీధినా ముఖాలు తెలిసిన చిన్న క్లబ్‌కే సులువు.

అడగనిదే అమ్మైనా పెట్టదంటారు. మహమ్మారిలో చిక్కేమిటంటే అసలు అవసరం ఉన్నవాళ్ళు అడగరు. నిన్నటిదాకా జీతం తీసుకున్నవాళ్ళు, క్లబ్‌కు తామే చందా ఇచ్చినవాళ్ళు క్యూలో నిలబడలేరు. అడగడం అలవాటైనవాళ్ళకు మూడు సంస్థల నుంచీ మూడు సంచులు అందుతాయి. బడి టీచరును అడిగితే ఏ పిల్లల ఇంట్లో ఇబ్బందో చెబుతుంది. ఆశా కార్యకర్తలాంటి ఆరోగ్య సిబ్బందిని అడిగితే ఏ ఇంట్లో ఒంటరి ముసలివాళ్ళున్నారో చెబుతారు. అలా తెలుసుకున్న ఇళ్ళకు చీకటి పడ్డాక గుమ్మం దగ్గర సంచీ పెట్టి, ఫోన్ చేసి, వెనక్కి జరిగితే చాలు. ఫోటోల సంగతి వేరే చెప్పాలా? సంచీకి అటు చెయ్యి ఒకటి, ఇటు చేతులు ఆరు, అందరూ కెమెరా వైపు చూపు. దాతలకు లెక్క చూపించాలంటే రసీదులున్నాయి. తీసుకున్న మనిషి ముఖం రసీదు కాదు.

వస్తువుల విషయంలో తొందర ఇంకా ఖరీదైనది. ఎన్95 మాస్క్ అంటే ప్రామాణిక పరీక్షలో 0.3 మైక్రాన్ల కణాలను కనీసం 95 శాతం అడ్డుకోవాలి, ముఖానికి సందు లేకుండా అతుక్కోవాలి. పేరు మాత్రమే ముద్రించిన సరుకు పెట్టెలకొద్దీ కొని ఆసుపత్రికి ఇస్తే అది వాళ్ళకు చెత్తబుట్ట పని పెంచడమే. కొనేముందు ఆ ఆసుపత్రి స్టోర్ చూసేవాళ్ళకు ఒక ఫోన్ చేసి "ఈ వారం మీకు ఏది నిండుకుంది?" అని అడగాలి. చాలాసార్లు జవాబు మనం ఊహించింది కాదు.

ఆక్సిజన్ కాన్సన్‌ట్రేటర్ల బ్యాంకు మంచి ఉదాహరణ. గదిలోని గాలిని లోపలికి లాగి, జియోలైట్ అనే పదార్థం గుండా పంపి, నైట్రోజన్‌ను ఆపేసి, ఆక్సిజన్ పాలు 90 శాతం దాకానో అంతకు మించో పెంచి ఇచ్చే యంత్రమిది. ఇళ్ళలో వాడేవి సాధారణంగా నిమిషానికి 5 లేదా 10 లీటర్లు ఇస్తాయి. యంత్రం కొనడం ఒక రోజు పని, నడపడమే అసలు పని. డాక్టర్ చీటీ లేకుండా ఇవ్వకూడదు. ఎవరికి ఎప్పుడు ఇచ్చామో, ఎన్ని గంటలు తిరిగిందో రాయాలి. కరెంటు పోతే ఏం చేయాలో ఆ ఇంటివాళ్ళకు ముందే చెప్పాలి. ఫిల్టర్ ఎప్పుడు కడగాలో చూపించాలి. తిరిగొచ్చాక శుభ్రం చేసి, ఆక్సిజన్ శాతం మీటర్‌తో చూసి, ఆ తర్వాతే ఇంకొకరికి పంపాలి. అన్నిటికన్నా ముఖ్యం, రోగి పరిస్థితి దిగజారుతుంటే ఈ యంత్రాన్ని నమ్ముకుని ఇంట్లో కూర్చోవద్దని గట్టిగా చెప్పాలి. లాగ్ బుక్ రాయడానికి ఒక మనిషి ఒప్పుకోకపోతే ఆ క్లబ్ యంత్రాలు కొనకుండా, ఇప్పటికే నడిపేవాళ్ళకు డబ్బివ్వడం మేలు.

డబ్బు అంటే గుర్తొచ్చింది. నిధులు తెచ్చే కార్యక్రమాలన్నీ జనం గుమిగూడేవే. పరుగు పందేలు, సంగీత సభలు, విందులు పోయాక రాబడి మార్గమే మూసుకుపోయింది. హాలు అద్దె, మీటింగ్ భోజనాల ఖర్చు మిగిలిన క్లబ్‌లకు అదే తొలి నిధి. అప్పట్లో రోటరీ ఫౌండేషన్ విపత్తు గ్రాంట్లు ఒక్కోటి గరిష్ఠంగా 25,000 డాలర్లు, అవీ ఒక్కో క్లబ్‌కు కాక, కొన్ని క్లబ్‌లు కలిసిన రోటరీ 'జిల్లా'కే ఇచ్చేవారు. చందాల దగ్గర మాత్రం కాస్త మనసు పెట్టాలి. వ్యాపారం దెబ్బతిన్న సభ్యుడు బకాయి నోటీసు అందుకుంటే మౌనంగా తప్పుకుంటాడు. కార్యదర్శి ఒక్కరికే తెలిసేలా వాయిదా ఇస్తే నిలబడతాడు.

ఆగడం కూడా సేవే

పోలియో మీద రోటరీ 1985 నుంచి ప్రపంచ స్థాయిలో పనిచేస్తోంది. 1988లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్ తదితరులతో కలిసి పోలియో నిర్మూలన ఉద్యమం మొదలైంది. 2020 మార్చిలో ఆ ఉద్యమం ఇంటింటి చుక్కల కార్యక్రమాలను ఆపేయాలని నిర్ణయించింది. చుక్కలు వేయకపోతే పోలియో పెరుగుతుంది, వేయడానికి వెళితే కోవిడ్ పాకుతుంది. రెండూ చేటే. జూలై నుంచి జాగ్రత్తలతో మళ్ళీ మొదలుపెట్టేదాకా నాలుగు నెలలు ఆగారు. కానీ ఆ నెలల్లో పోలియో సిబ్బంది ఖాళీగా లేరు. రోగుల జాడ తీయడం, జనానికి చెప్పడం, పరీక్షల నమూనాలు చేరవేయడం లాంటి అనుభవమంతా కోవిడ్ పనికి మళ్ళింది. పాకిస్తాన్‌లో పోలియో కోసం పెట్టిన 1166 హెల్ప్‌లైనే కోవిడ్ హెల్ప్‌లైన్ అయింది. అదే ఏడాది ఆగస్టు 25న ఆఫ్రికా ప్రాంతం సహజ పోలియో వైరస్ నుంచి విముక్తమైనట్టు ధ్రువీకరించారు.

చిన్న క్లబ్ స్థాయిలో కూడా ఇదే లెక్క. రక్తదాన శిబిరం ఆపేస్తే రక్తం కొరత, పెడితే గుంపు. గంటకు ఆరుగురికే సమయం ఇచ్చి రోజంతా నడపడం మధ్యే మార్గం. కంటి శిబిరానికి అలాంటి మార్గం లేకపోతే వాయిదా వేసి, రావాల్సినవాళ్ళ పేర్లు జాగ్రత్తగా దాచాలి. ఆ జాబితా పారేస్తే శిబిరం రద్దయినట్టే, ఉంచుకుంటే వాయిదా పడినట్టు.

రోటరీలో, లయన్స్‌లో అధ్యక్షుడి ఏడాది జూలై 1న మొదలై జూన్ 30తో ముగుస్తుంది. 2020 జూలైలో పగ్గాలు అందుకున్నవాళ్ళలో చాలామంది తమ సభ్యులను స్క్రీన్ మీదే చూసి, స్క్రీన్ మీదే దిగిపోయారు. ఏటా మారే పదవికి ఏళ్ళు సాగే ఆపద సరిపోదు. ఫోన్ పట్టిక, యంత్రాల పుస్తకం, దాతల లెక్క ఒక మనిషి ఫోన్‌లో ఉండిపోతే కొత్త అధ్యక్షుడు మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. అందుకని ఈ మూడు పనులకూ పదవితో ముడిపెట్టకుండా రెండేళ్ళు ఉండే మనుషులను పెట్టుకోవడం మంచిది.

చావుల సంగతి రాయకుండా ఉండలేం. కడచూపుకు కూడా పోలేని రోజుల్లో సభ్యుణ్ణి పోగొట్టుకున్న క్లబ్‌లు ఆన్‌లైన్ సంతాప సభలు పెట్టుకున్నాయి. అవి ఒకసారి పెట్టి ముగించేవి కావు. ఆ ఇంటికి నెల తర్వాత, మూడు నెలల తర్వాత వెళ్ళే ఫోన్ ముఖ్యం. పెన్షన్ కాగితాలు, ఇన్సూరెన్స్ క్లెయిమ్, బ్యాంకు సంతకాలు అన్నీ అప్పుడే తలకు మించిన భారమవుతాయి. క్లబ్‌లో అకౌంటెంటో లాయరో ఉంటారు.

టీకాలు వచ్చాక పని రూపం మారింది. స్లాట్లు ఆన్‌లైన్‌లో, స్మార్ట్‌ఫోన్ లేనివాళ్ళు వీధుల్లో. పేరు నమోదు చేయించడం, కేంద్రానికి తీసుకెళ్ళి తీసుకురావడం, రెండో డోసు తేదీ గుర్తుచేయడం, ఇవన్నీ పట్టికలు నడపడం నేర్చుకున్న క్లబ్‌లకు కొత్త కాదు.

2023 మే 5న ప్రపంచ ఆరోగ్య సంస్థ అంతర్జాతీయ ఆరోగ్య అత్యవసర స్థితిని ఎత్తేసేనాటికి చాలా హాళ్ళు తెరిచారు. ఇప్పుడు గొడవ హైబ్రిడ్ మీటింగ్‌ల మీద. సగం మంది హాల్లో, సగం మంది స్క్రీన్ మీద ఉంటే స్క్రీన్ మీదివాళ్ళు ప్రేక్షకులైపోతారు. హాల్లో ఎవరో జోకు వేస్తారు, అందరూ నవ్వుతారు, అటువైపు గరగర తప్ప ఏమీ వినపడదు. దీనికి కాస్త మంచి మైక్ కావాలి. స్క్రీన్ మీదివాళ్ళ తరఫున చెయ్యెత్తడానికి హాల్లో ఒక మనిషి కావాలి. ఓటింగ్ వస్తే ముందు వాళ్ళను అడగాలి. ఇక హాలుకూ రాని, స్క్రీన్ మీదికీ రాని సభ్యులు ప్రతి క్లబ్‌లోనూ కొందరుంటారు. వాళ్ళ పేర్లతో ఆ ఫోన్ పట్టిక ఇప్పటికీ నడపవచ్చు. ముప్ఫై మంది క్లబ్‌లో ఆ పేర్లు ఐదారుకు మించవు, వారానికి ఒక సాయంత్రం పని.